దెయ్యం చేప మన చెరువుల పడితే ఏం చెయ్యాలె

పోయిన నెల నకిరేకల్ దిక్కు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, వలల ఏందో మొసలి పిల్ల లెక్క పడ్డది. ఒళ్లంత ముండ్లు. తీద్దామంటే వల చిరిగి పోగులైంది. ఏం చెయ్యాలె?" ఇసొంటి ఫోన్లు ఈ రెండేండ్లల్ల చాన వచ్చినయి. ఒక్కొక్కరికి అర్ధగంట చెప్పేకంటే ఒక్కపారి కూసొని రాస్తే అందరికి అక్కరకొస్తదని ఇది రాస్తున్న.

నేను నల్గొండ పక్కన కనగల్ దిక్కు ఒక ఊరి మత్స్య సహకార సంఘం సభ్యుణ్ని. మా తాత, మా నాయిన ఇదే చెరువుల వలేసిండ్రు. వానకాలం చేపపిల్లలు ఇడుస్తం, ఎండకాలం నీళ్లు గుంజినంక పడతం. మాకు ఏడాదికి అదొక్కటే పంట. ఆ పంటను ఇప్పుడు ఈ చేప కరాబు చేస్తున్నది. కింద చెప్పేటియి చాన మటుకు చేతులు కోసుకొని నేర్చుకున్నయే.

ముందుగాల గుర్తు పట్టాలె

దీని అసలు పేరు సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్. పుట్టిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ నది దిక్కు. మన దగ్గర దెయ్యం చేప అంటరు, కొందరు రాకాసి చేప అంటరు. అక్వేరియం షాపులల్ల ట్యాంక్ క్లీనర్ అని వేలెడు పిల్లను అమ్ముతరు. అద్దానికి నోరు కరిపించి పాచి గీక్కుంట ఉంటది, పిల్లలకు ముచ్చటైతది. ఆ వేలెడు పిల్లనే చెరువుల పడ్డంక మూరెడు పొడుగైతది.

మొదటిసారి మా వలల పడ్డప్పుడు మేం పది మందిమి చుట్టూ కూసొని చూసినం. తల చదునుగ, పారతో కొట్టినట్టు. నోరు ముందటికి ఉండదు, కిందికి ఉంటది, గుండ్రంగ, గిన్నె లెక్క. నోటి పక్కలకు చిన్న చిన్న మీసాలు రెండు. ఒళ్లంత బూడిద నలుపు, దాని మీద చిరుతపులి మచ్చలు. కడుపు కింద పలక లెక్క సాపుగ ఉంటది. వీపు మీది రెక్క ఇప్పిందంటే తెరచాప ఎత్తినట్టే. పొలుసులు ఉండయి, వాటి జాగల ఎముక పలకలు వరుసగ పేర్చి ఉంటయి. తల నుంచి తోక దిక్కు నిమిరితే చెయ్యి జారుతది. తోక నుంచి తల దిక్కు నిమిరి చూడండి, ఆకురాయి మీద రాసినట్టుంటది. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, వలలకెళ్లి తీసేటప్పుడు పనికొస్తది.

కన్ను కూడ దగ్గరికి తెచ్చుకొని చూడండి. నల్లగుడ్డు గుండ్రంగ ఉండదు. ఎండల పెడితే పైనుంచి రెప్ప లాంటిది కిందికి దిగి, గుడ్డు గుర్రపు లాడం లెక్క అయితది. మన చెరువుల ఏ చేపకూ ఇట్ల చూడలేదు నేను. పట్టుకుంటే పక్క రెక్కల ముండ్లు బిర్రుగ నిలబెట్టి కిర్రు కిర్రుమని మోగిస్తది. దెయ్యం అనే పేరు ఆ చప్పుడుకే పడ్డదేమో అని మా ముసలోళ్లు అంటరు.

ఇంక అనుమానముంటే వీపు మీది రెక్కల ముందటి ముల్లును ఇడిచిపెట్టి, ఎనుకటి మెత్తటి పుల్లలు లెక్కపెట్టండి. పది, అంతకు ఎక్కువ ఉంటే అదే.

ఒక్క జాగర్త. మన వాగులల్ల రాళ్లకు నోరు కరిపించుకొని ఉండే చిన్న చేపలు ఉన్నయి. వాటికి కూడ నోరు కిందికే ఉంటది. గానీ వాటికి మామూలు పొలుసులే ఉంటయి, ఎముక పలకలు ఉండయి, జానెడు కూడ పెరగయి. అవి మనయి. దెయ్యం చేప అనుకొని వాటిని చంపితే పాపం. అట్లనే మార్పు, ఇంగిలాయి, జెల్ల ఇవన్నీ మీసాల చేపలే గానీ వాటి తోలు నున్నగుంటది. గీసుకుపోయే పలకలు ఉన్నదొక్కటే ఈ పరాయి చేప.

ఇది ఉంటే ఏం నష్టమని అడిగేటోళ్లు ఉన్నరు. "అది వేరే చేపలను తినదు కదా, పాచి తినే దానితోని ఏం బాధ" అని. బాధంతా ఆ పాచి దగ్గరనే ఉన్నది. చెరువుల రాళ్ల మీద, మట్టి మీద ఉండే పాచి, కుళ్లిన ఆకులు, పురుగులు, వీటి మీదనే మన రవ్వ, మృగాల, బంగారు తీగ చిన్నప్పుడు, పెద్దగైనంక బతికేది. ఇది రాత్రంత దాన్నే గీకుతది. పైంగ వేరే చేప గుడ్లు అడుగున దొరికితే వాటిని కూడ కలిపే మింగుతది. మెక్సికోల ఇన్‌ఫియర్నీయో అని పెద్ద జలాశయం ఉన్నది. అక్కడి జాలర్లు జిలేబీ చేప మీద బతికెటోళ్లు. ఈ చేప దిగినంక వాళ్ల వలలల్ల జిలేబీ పోయి ఇదే నిండింది. అమ్మడానికి లేదు, తినడానికి లేదు, వలలు మటుకు చిరిగినయి. ఆ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలే.

వలలకెళ్లి తీసుడు

మామూలు చేప ఇరుక్కుంటే తోక పట్టి ఎనుకకు గుంజుతం. దీన్ని అట్ల గుంజొద్దు. పలకల అంచులన్నీ తోక దిక్కుకే తిరిగి ఉంటయి కాబట్టి, ఎనుకకు గుంజినకొద్ది ఒక్కొక్క పలక వల ఒక్కొక్క కన్నుకు పట్టుకుంటది. ముండ్లు నిలబెట్టిందంటే ఇంక అంతే, వల ముద్దైతది. మేం తెలువక మొదటి ఏడు ఒక్క పూటల మూడు నిలువు వలలు పాడు చేసుకున్నం.

ఎట్ల తియ్యాలంటే: తడి గోనె సంచి ముక్క చేతికి చుట్టుకోండి. తోలు గ్లౌజులు ఉంటే ఇంక మంచిది, పల్చటి రబ్బరు గ్లౌజులు పనికిరావు. చేపను తెప్ప మీద బోర్లపెట్టి, వీపు ముల్లు లేవకుంట అరచేతితోని ఎనుకకు అదిమి పట్టాలె. పక్క ముండ్లు రెండూ ఒంటికి ఆనించి, చేపను తల దిక్కుకే, అంటే ముందటికి తోసి వల దాటియ్యాలె. పెద్దదైతే, కన్నులకెళ్లి పోనంటే, సందేహం పెట్టుకోకుంట రెండు పోగులు కత్తెరతోని కత్తిరించండి. రెండు పోగులు కట్టుకునుడు పది నిమిషాల పని. గుంజి గుంజి చింపితే గజం వల పోతది. అందుకే నా తెప్ప మీద ఇప్పుడు చిన్న కత్తెర ఒకటి దారానికి కట్టి ఎప్పుడూ ఉంటది.

ముల్లు గుచ్చుకుంటే తేలికగ తీసుకోవద్దు. చెరువు నీళ్లతోని కడిగి ఊకోవద్దు, బోరు నీళ్లు, సబ్బు పెట్టి కడగాలె, సర్కారు దవాఖానకు పోయి టీటీ సూది వేయించుకోవాలె. మా బావ ఒకసారి "గింత దానికి సూదెందుకు" అని ఊకున్నడు. వారానికి చెయ్యి మోచేతి దాకా వాసి, యాసంగి వరికోతల టైంల పది రోజులు మంచం మీద ఉన్నడు.

మళ్ల నీళ్లల్ల ఇడవొద్దు, గట్టు మీద పారెయ్యొద్దు

నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టి చెప్పే మాట ఇది. వలల పడ్డ ఒక్క దెయ్యం చేప కూడ తిరిగి నీళ్లకు పోవద్దు. మన జాలర్లకు ఒక అలవాటు ఉన్నది, పనికిరాని చేపను అట్లనే నీళ్లల్ల ఇడుస్తం. వేరే చేపకైతే అది మంచి అలవాటు. దీనికి పనికిరాదు.

ఇంకొంతమంది గట్టు మీద ఇసిరేసి పోతరు, ఎండకు సస్తది అనుకొని. సావదు. ఇది మొప్పలతోనే కాకుంట గాలి మింగి కడుపుతోని కూడ ఊపిరి తీసుకుంటది. నేను ఒకసారి పొద్దుగూకే ఆరింటికి ఒకదాన్ని తీసి తడి గోనె సంచిల చుట్టి కట్ట మీద పెట్టి మర్చిపోయిన. తెల్లారి ఏడింటికి పోయి ఇప్పితే కన్ను తిప్పి నా దిక్కు చూసింది. పదమూడు గంటలు! రాత్రి వాన పడి ఉంటే అది జారుకుంట జారుకుంట నీళ్లకే పోయేది.

ఆ మొదటి ఏడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలె. కొత్త చేప అని ఒకదాన్ని బకెట్ల పెట్టి ఊర్లెకు తెచ్చిన, అందరికి చూపిద్దామని. పిల్లలు మూగిండ్రు. ఒక పిలగాడు అడిగితే ఇచ్చిన. వాడు రెండు రోజులు తొట్టిల పెంచి, వాళ్లమ్మ తిడితే గుడి కోనేట్ల ఇడిసిండు. తర్వాత ఏడాది ఆ కోనేరు పూడిక తీసినప్పుడు అండ్లకెళ్లి దెయ్యం చేపనే తీసినం. పట్టినకాడనే చంపాలె, బతికున్నదాన్ని చెరువు గట్టు దాటించొద్దు.

చంపుడు కూడ బాధ పెట్టకుంట చెయ్యాలె. దీని తల ఎముక గట్టిది, ఉత్త చేతి దెబ్బకు ఏం కాదు. బరువైన కట్టెతోని రెండు కండ్ల నడుమ కొంచెం ఎనుకకు గట్టిగ ఒక్క దెబ్బ. చేప కదలకుంట అయిందా అని కన్ను ముట్టి చూడాలె. ఆ తర్వాత మోకాలి లోతు గుంత తీసి పాతిపెట్టండి, కాలువ గట్టున గాదు, చేను మూలకు. పైపైన పాతితే కుక్కలు తోడి మళ్ల గట్టు మీదికి తెస్తయి. కొందరు పేడ దిబ్బల ఏస్తరు. మాంసం కుళ్లుతది గానీ ఆ పలకలు ఏడాదైనా అట్లనే ఉంటయి, చేన్ల కాళ్లకు గుచ్చుకుంటయి. గద్దలకు, కొంగలకు అని గట్టు మీద పెట్టుడు కూడ మంచిది గాదు. అమెరికా దిక్కు పెలికాన్ పక్షులు దీన్ని మింగబోయి ముండ్లు గొంతుల అడ్డం పడి సచ్చినయట.

తినొచ్చా అని అడుగుతరు. దాని సొంత దేశంల తింటరు. నేను మాత్రం వండుకోను. ఇది బురద గీకి బతికే చేప, మన దిక్కు మూసీ నీళ్లు తగిలే చెరువులు ఎన్నో ఉన్నయి, పట్నం మురికంత ఆ బురదలనే ఉంటది. పలకలు తీస్తే మిగిలే మాంసం కూడ పిడికెడే.

ఎండకాలం రెండు నెలలే మన చేతిల ఉన్నయి

నాకు తెలిసినంత వరకు ఈ చేపను వలతోని గెలవలేం. వల వయసుకొచ్చినవాటిని పడుతది, పిల్లలు, గుడ్లు బొక్కలల్ల ఉంటయి. మగది చెరువు కట్ట లోపలి దిక్కు, నీళ్ల అంచుకు కొంచెం కింద, మట్టిల సొరంగం తవ్వుతది. ఆడది అండ్ల వందల గుడ్లు పెడుతది, పసుపు రంగు ముద్దలెక్క అతుక్కొని ఉంటయి. పిల్లలు ఈదేదాకా మగది ఆడనే కాపలా ఉంటది. ఆ బొక్క ఒక మీటరు, ఒక్కోపారి మీటరున్నర లోపలికి పోతది. నీళ్లు నిండి ఉంటే దాన్ని దేవుడు కూడ చూడలేడు. నీళ్లు తగ్గితే కట్ట మీద నిలబడి చూసినా కనపడుతది.

యాసంగి వరికి తూము ఇప్పి, ఏప్రిల్ చివరికి నీళ్లు శిఖం (చెరువు లోపలి నేల) నడుమకు గుంజుతయి. అప్పటి నుంచి జూన్‌ల తొలకరి పడేదాకా, అంతే మనకున్న టైం. కుంటలు, చిన్న చెరువులు నిండ ఎండేటియి ఉన్నోళ్లు అదృష్టవంతులు. మా దిక్కు సంగతి వేరే. ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల పథకం) కింద సాగర్ నీళ్లు పుట్టంగండి కాడ ఎత్తిపోసి అక్కంపల్లికి, ఆడికెళ్లి పానగల్లు ఉదయ సముద్రానికి, కాలువలల్లకు, చెరువులల్లకు వస్తయి. ఎండకాలం కూడ చెరువు నిండ ఉంటది. కృష్ణ నీళ్లు వద్దని నేను ఏ పొద్దూ అనను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను మా ఇంట్లనే చూసిన. గానీ ఎన్నడూ ఎండని చెరువుల దెయ్యం చేప ఎన్నడూ బయట పడదు, ఇది కూడ నిజమే. అందుకే మేం ఆయకట్టు రైతులతోని, కాలువ నీళ్లు చూసే లష్కర్‌తోని మాట్లాడుకున్నం. పంట కోసినంక, కాలువ మళ్ల ఇడిసేలోపు, మేల ఒక పదిహేను రోజులు చెరువు తక్కువ మీద ఉంచాలె అని. రైతులకు కట్ట మీది బొక్కలు చూపిచ్చినంక ఒప్పుకున్నరు. కట్ట పోతే చేపలోళ్లది ఒక్క పంట పోతది, వాళ్లది అన్ని పంటలు పోతయి.

నీళ్లు దిగిన వారంల, పొద్దున ఏడింటి లోపట, ఎండ ఏటవాలుగ పడేటప్పుడు కట్ట లోపలి దిక్కు పొడుగునా నడవండి. బొక్కల నీడ అప్పుడే మంచిగ కనపడుతది. దీని బొక్క అడ్డంగ కొంచెం వెడల్పు, పైన వంపు, కింద సాపు, చెయ్యి మోచేతి దాకా పట్టేటంత. ఒక్కటి ఉండదు, గుంపుగ నాలుగైదు పక్కపక్కకు ఉంటయి. ఎండ్రికాయ బొక్క గుండ్రంగ చిన్నగ ఉండి మూతికాడ మట్టి ఉండలు ఉంటయి. పందికొక్కుది నీళ్ల గీతకు పైన ఉంటది, ముంగట లూజు మట్టి కుప్ప ఉంటది. పాములు ఈ బొక్కలల్లకే దూరుతయి, ఎన్నడూ ఉత్త చెయ్యి పెట్టకండి. ఆరు ఫీట్ల వెదురు బద్ద పెట్టి మెల్లగ లోపలికి పంపండి. మట్టి తగిలితే మెత్తగ ఆగుతది. చేప తగిలితే బద్ద కొసకు గరగర తెలుస్తది.

చెరువు శిఖంల, గడ్డల మీద ఉన్న బొక్కలైతే పార, గడ్డపార పెట్టి తవ్వి చేపను, గుడ్లను తీసెయ్యొచ్చు. కట్టల ఉన్నదాన్ని మాత్రం మీ అంతట మీరు తవ్వకండి. దీని మీద మాకు గట్టి దెబ్బనే తగిలింది. మొదటి ఏడు ఉషారు మీద పదకొండు బొక్కలు కట్టలనే తవ్వినం, చేపలు తీసినం, తీసిన మట్టే తిరిగి పోసి కాళ్లతోని తొక్కినం. ఆగస్టుల చెరువు నిండంగనే రెండు చోట్ల కట్ట జారి, బయటి దిక్కు ఊట మొదలైంది. రాత్రికి రాత్రి ఊరు మొత్తం ఇసుక బస్తాలు మోసినం. ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడమంటది.

ఇప్పుడు చేసేది వేరు. కట్టల బొక్క కనపడితే సున్నంతోని గుర్తు పెడతం, ఫోటో తీస్తం, ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)కి రాసిస్తం. వాళ్ల వర్క్ ఇన్‌స్పెక్టర్ ముంగటనే పూడ్చుడు. పూడ్చుడు ఎట్లంటే, ముందు బద్దతోని చేప లోపల లేదని చూసుకోవాలె, ఉంటే ఇనుప కొక్కెం పెట్టి గుంజాలె. తడిపి ముద్ద చేసిన బంకమట్టిని ముద్దలు ముద్దలుగ అట్టడుగు దాకా పంపి, గుండ్రటి దుంగతోని ఒక్కొక్క ముద్దకు పోటు పొడవాలె. మూతికాడ మట్టి పోసి రాయి పెట్టి ఊకుంటే లోపల ఖాళీ అట్లనే ఉంటది, నీళ్లు అదే దారి పడుతయి. తూముకు పది గజాల లోపు ఉన్న బొక్కను అసలు ముట్టకండి, ఆఫీసరు వచ్చేదాకా ఆగండి.

మందు కొడదామనేటోళ్లు ప్రతి ఊర్ల ఒకరిద్దరు ఉంటరు. చెరువుల విషం కలుపుడు, మందుగుండు పేల్చుడు 1897 నాటి చేపల చట్టం కిందనే నేరం. చట్టం సంగతి అట్లుంచి, ఆ నీళ్లు బర్లు తాగుతయి, మన పిల్లలు ఈత కొడతరు. మందుకు ముందుగాల సచ్చేది కూడ మన రవ్వలే. బొక్కల దాగి గాలి మింగి బతికేది ఆఖరుకు సస్తది.

కొత్తగ రాకుంట చూసుకునుడు

ఉన్నది తీసినం సరే, ఏడికెళ్లి వస్తున్నదో చూడాలె. మూడు దారులు ఉన్నయి.

ఒకటి, చేపపిల్లల సంచులు. 2016 నుంచి సర్కారు ఉచితంగ చేపపిల్లలు ఇస్తున్నది. చిన్న చెరువులకు 35-40 మిల్లీమీటర్లవి, ఎప్పుడూ నీళ్లుండేవాటికి 80-100 మిల్లీమీటర్లవి. కొన్ని సంఘాలు సొంతంగ కూడ కొంటయి. ఒక ఏడు మేం కొన్న లోడు రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. డ్రైవర్ తొందర పెట్టిండు, మేం టార్చి లైట్ల వెలుగుల గబగబ సంచులు కోసి ఇడిచినం. ఆ ఏడే మా చెరువుల ఇవి పెరిగినయి. సంచులల్లనే వచ్చినయని నేను రుజువు చెయ్యలేను, గానీ ఆ రాత్రి చూడకపోవుడు మా తప్పే. చీకట్ల లోడు దింపుకోవద్దు. ప్రతి పది సంచులకు ఒకటి నున్నటి తెల్ల ప్లాస్టిక్ టబ్బుల పొయ్యండి. పది నిమిషాలు ఆగండి. తర్వాత టబ్బును మెల్లగ వంచి నీళ్లను, పిల్లలను దోమతెర మీదికి వంపండి. రవ్వ, బొచ్చె పిల్లలు నీళ్లతోనే జారిపోతయి. దెయ్యం చేప పిల్ల ఉంటే టబ్బు గోడకు నోరు కరిపించుకొని అట్లనే ఉండిపోతది. వేలితో గెలికినా రాదు. ఇంతకంటే అలకటి పరీక్ష లేదు. సంచిల నీళ్లు మటుకు చెరువుల పొయ్యకండి, చేన్ల పొయ్యండి.

అట్లనే మార్పు పిల్లలని చెప్పి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంటగట్టేటోళ్లు ఉన్నరు. అది నిషేధమైన చేప, చెరువుల పడితే కొరమీను పిల్లను కూడ మిగలనియ్యదు. అగ్గువకు వస్తున్నదంటే అనుమానపడండి.

రెండు, కాలువ. చెరువులకు నీళ్లు దిగేకాడ ఇనుప జాలి రెండు వరుసలు పెట్టినం, ముందటిది పెద్ద కన్నులది, ఎనుకటిది చిన్న కన్నులది. దీంతోని పెద్దవి ఆగుతయి, పిల్లలు ఆగయి. పొద్దుమాపు ఆకు, చెత్త తీసే మనిషి లేకుంటే జాలి పెట్టనే పెట్టకండి. నీళ్లు ఎనుకకు తన్ని ఎవరిదో నారుమడి మునుగుతది, ఊర్ల కొట్లాటైతది. మా ఊరి నీరటి (చెరువు నీళ్లు చూసే) కాకనే ఈ పని చూస్తడు, సంఘం ఆయనకు నెలకింత అని ఇస్తది.

మూడోది మన ఇండ్లు. పిల్లల కోసం తెచ్చిన అక్వేరియం చేప పెద్దగైతది, చంపబుద్ధి కాదు, పుణ్యమొస్తదని చెరువుల ఇడుస్తరు. హైదరాబాద్ సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ) సైంటిస్టులు నీళ్లల్ల మిగిలిన డీఎన్‌ఏను పట్టి తూర్పు కనుమల చెరువులు, వాగులు పరీక్ష చేస్తే సుమారు 60 శాతం జాగలల్ల ఈ చేప జాడ దొరికింది. దీన్ని ఈ దేశంల పెంచి తిన్నోళ్లు లేరు, తెచ్చింది అక్వేరియం కోసమే.

ఇదే దారిల రావొద్దని నేను ఎక్కువ భయపడేది ఇంకోటి ఉన్నది, క్రేఫిష్, అంటే రొయ్య లెక్క ఉండి లావు కొండీలున్న జీవి. షాపులల్ల ఎర్రది, నీలంది పెట్టి లాబ్‌స్టర్ అని అమ్ముతరు. మన దేశంల పుట్టిన క్రేఫిష్ ఒక్కటి కూడ లేదు, అంటే దాన్ని అదుపుల పెట్టే లెక్క మన చెరువుకు తెలువదు. ఎర్ర క్రేఫిష్ అమెరికా దేశంల దక్షిణం దిక్కుది. 1973ల స్పెయిన్ దేశానికి పెంచుకుందామని తెచ్చిండ్రు, అది వరి మడులల్ల పడి ఒడ్లకు బొక్కలు పెట్టి నీళ్లు నిలవకుంట చేసింది. 1970ల కెన్యాల నైవాషా చెరువుల ఇడిస్తే చెరువుల గడ్డి, తామర మొత్తం కొరికేసింది. ఇంకో రకం, ఒంటి మీద పాలరాయి చారలుంటయి. దానికి మగదే అక్కరలేదు. ఒక్క ఆడది చాలు, దాని గుడ్లన్నీ అదే అచ్చు ఆడపిల్లలైతయి. మడగాస్కర్‌ల వరి మడులు, వాగులు వాటితోని నిండినయి. వానల నేల మీద నడిచి ఒక కుంట నుంచి ఇంకో కుంటకు పోతయి. మన నల్గొండల వరి ఒడ్లు, చెరువు కట్టలు అన్నీ మట్టియే. ఒక్కపారి దిగిందంటే ఏమైతదో మీరే లెక్కేసుకోండి.

మన జలాశయాలల్ల సర్కారు నీలకంఠ రొయ్య పిల్లలను ఇడుస్తది, దాన్ని చూసి క్రేఫిష్ అనుకోవద్దు, క్రేఫిష్‌ను చూసి రొయ్య అనుకోవద్దు. రొయ్య పెంకు పల్చగ, లోపలికి వెలుతురు పోయేటట్టుంటది. దాని కొండీలు సన్నగ పొడుగు, పెద్దదానికి నీలంగ ఉంటయి. క్రేఫిష్ పెంకు ఎండ్రికాయ పెంకు లెక్క మందం. ముందటి కొండీలు లావుగ, తేలు కొండీల లెక్క. వాటి ఎనుక ఇంకో రెండు జతల కాళ్లకు కూడ చిన్న చిన్న చిమటాలు ఉంటయి. ఇసొంటిది వలల కనపడితే నీళ్లకు ఇడవకుంట చంపి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, ఉప్పు నీళ్లల్లనో, ఐసులనో దాచి అదే రోజు జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకు చేర్చండి. ఇంట్ల పెంచుతున్నోళ్లు ఉంటే వాళ్లను భయపెట్టకండి. షాపోనికి తిరిగి ఇచ్చేటట్టు చూడండి. వాడు తీసుకోనంటే సంఘానికి ఇవ్వమనండి. మా బళ్లె సారు ఒక రోజు నన్ను పిలిపిచ్చి పిల్లలకు ఈ ముచ్చట్లు చెప్పిచ్చిండు. ఆ వారంల నాలుగు అక్వేరియం చేపలు డబ్బాలల్ల మా ఇంటికొచ్చినయి. చెరువు ఆ నాలుగిటి నుంచి తప్పించుకున్నది.

ఒక నోట్‌బుక్ పెట్టండి

మాది రెండు వందల పేజీల నోట్‌బుక్. తారీకు, ఏ వల, ఎన్ని పడ్డయి, పెద్దదాని పొడుగు, చెరువుల ఏ మూల. ఇంతే రాస్తం. మొదటి ఏడు వలల పడ్డయి మూడు. రెండో ఏడు నలభై దాటినయి. మూడో ఏడు కట్ట బొక్కలు పూడ్చినంక పంతొమ్మిది. ఆఫీసరు ముంగట "చాన ఉన్నయి సార్" అంటే తలూపి ఊకుంటరు. నోట్‌బుక్ తెరిచి ముంగట పెడితే కుర్చీ దగ్గరికి జరుపుకుంటరు. పొడుగు రాసుడు మర్చిపోవద్దు. పెద్దవి తగ్గి జానెడువి పెరుగుతున్నయంటే చెరువులనే గుడ్లు పెడుతున్నయని అర్థం, మళ్ల బొక్కలు వెతకాలె. అన్నీ పెద్దయే పడుతున్నయంటే కాలువల కెళ్లి వస్తున్నయని, జాలి చూసుకోవాలె.

ఈ ఎండకాలం మా కట్ట ఉత్తరం మూలకు సున్నం గుర్తులు ఆరు పెట్టినం. వెదురు బద్ద పెట్టి చూస్తే నాలుగు ఖాళీ. ఒకదాంట్ల మగది, పసుపు గుడ్ల ముద్ద దొరికినయి. ఆరోది తూముకు దగ్గరున్నది, అది ఏఈ సారు వచ్చేదాకా ముట్టలే.